పరీక్షకు తొందర, ఆపరేషన్‌కు నిదానం

మీ అమ్మాయికి 15 నిండాయి. ఎత్తు పెరిగింది, ఒళ్లు తేరింది, రొమ్ములు వచ్చి మూడేళ్లు దాటింది. అయినా ఇంకా పెద్దమనిషి కాలేదు. ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గొంతు తగ్గించి ఆరా తీస్తున్నారు. నువ్వులుండలు తినిపించమని ఒకరు, మొక్కుకోమని ఒకరు, "మా ఆడపడుచు కూతురు 17కి అయింది, ఏం కాదులే" అని ఇంకొకరు. వేసవి సెలవుల దాకా చూద్దామనుకున్నారు. సెలవులు అయిపోయాయి, బడి తెరిచారు. లోపల భయంగా ఉంది, ఎవరిని అడగాలో తెలియడం లేదు. అవునా? అయితే ఈ అధ్యాయం మీ కోసమే. ఆ అమ్మాయి మీరే అయితే, మీ అమ్మకంటే ముందు మీరే చదవండి.

బెంగళూరులోని హూడి, మహదేవపుర, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు కొదవ లేదు. ఐటీ ఉద్యోగాలకొచ్చి అపార్ట్‌మెంట్లలో స్థిరపడ్డవాళ్లున్నారు, ఆ అపార్ట్‌మెంట్లు కట్టడానికి రాయలసీమ పల్లెల నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్లున్నారు. ఈ ఇళ్లలో ఆడపిల్ల ఎదుగుదల గురించిన నిర్ణయాలు సగం ఇక్కడ, సగం ఊళ్లో జరుగుతాయి. ఓణీల ఫంక్షన్ ఎప్పుడన్నది ఊరి మాట, డాక్టరు దగ్గరికి ఎప్పుడన్నది ఇక్కడి మాట. ఫంక్షన్ జరగకపోతే అందరి కంటా పడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే ఎవరికీ తెలియదు. ఆలస్యానికి సగం కారణం అదే.

నెలసరి మొదలే కాకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించే ఇక్కడ ఎక్కువగా మాట్లాడుకుందాం. దాని పేరు మేయర్-రొకిటాన్‌స్కీ-కూస్టర్-హౌజర్ సిండ్రోమ్. డాక్టర్లు ఎం.ఆర్.కె.హెచ్. అంటారు. ఈ స్థితిలో పుట్టిన పిల్లకు అండాశయాలు ఉంటాయి, హార్మోన్లు మామూలుగానే పనిచేస్తాయి, అందుకే శరీరం వయసుకు తగ్గట్టే ఎదుగుతుంది. గర్భసంచి మాత్రం తయారవదు, లేదా చిన్న మొగ్గలా ఆగిపోతుంది. యోనిమార్గం పైభాగం ఉండదు. దాదాపు 4,500 నుంచి 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. అరుదే, కానీ లెక్క వేసి చూడండి. 2011 జనాభా లెక్కల నాటికే బెంగళూరు నగరంలో 84 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో ఆడవాళ్లు 40 లక్షలనుకున్నా, ఈ ఒక్క నగరంలోనే ఎనిమిది వందల మంది దాకా ఉండాలి. మీకు ఎక్కడా కనిపించకపోవడానికి కారణం వాళ్లు లేకపోవడం కాదు, చెప్పుకోకపోవడం.

నేను చెప్పదలచింది ఒకటే. ఈ విషయంలో తొందరపడాల్సిన చోట మనం నిదానిస్తున్నాం, నిదానించాల్సిన చోట తొందరపడుతున్నాం. పరీక్షను రెండేళ్లు, మూడేళ్లు వాయిదా వేస్తాం. తీరా విషయం తెలిశాక, పెళ్లిలోపు అన్నీ అయిపోవాలని నెల తిరక్కుండా ఆపరేషన్ తేదీ అడుగుతాం. ఈ వరస తిరగబడితే ఆ పిల్ల బతుకులో చాలా కష్టం తగ్గుతుంది. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. గడువు పెట్టుకోండి, ఆ గడువు దాటకండి

గుర్తుంచుకోవాల్సినవి మూడు గడువులు. 13 ఏళ్లకు రొమ్ములు రావడమే మొదలవకపోతే డాక్టరుకు చూపించాలి. రొమ్ములు మొదలై మూడేళ్లయినా నెలసరి రాకపోతే చూపించాలి. ఏదేమైనా 15 నిండితే చూపించాలి. 16 దాకా ఆగవచ్చన్నది పాత పుస్తకాల మాట. ఇప్పుడు 15 అనే అంటున్నారు.

"మా ఇంట్లో అందరికీ ఆలస్యమే కదా?" ఇది ఉత్తుత్తి సాకు కాదు, నిజంగానే కొన్ని కుటుంబాల్లో ఆడపిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు. అయితే ఒక తేడా గమనించండి. వంశంలో వచ్చే ఆలస్యంలో అన్నీ కలిసి ఆలస్యమవుతాయి. ఎత్తు పెరగడం, రొమ్ములు రావడం, నెలసరి, అన్నీ వెనకబడతాయి. మీ అమ్మాయికి మిగతావన్నీ తోటిపిల్లలతో పాటే వచ్చి నెలసరి ఒక్కటే ఆగిపోయిందంటే, అది ఫోన్లో ఎవరో చెప్పిన ఆ ఆడపడుచు కూతురికి జరిగినటువంటి ఆలస్యం కాకపోవచ్చు. ఈ చిన్న తేడా ఇంట్లో పెద్దవాళ్లకు విడమరిచి చెప్పండి. "డాక్టరు దగ్గరికెందుకు" అనే మాటకు ఇంతకంటే బలమైన జవాబు లేదు.

ఈ మూడు గడువులతో సంబంధం లేని పరిస్థితి ఒకటుంది. నెలసరి కనిపించదు, కానీ నెలనెలా నాలుగైదు రోజులు పొత్తికడుపు మెలిపెడుతుంది, ఒక్కోసారి మూత్రం బిగబట్టేస్తుంది. అలాంటప్పుడు లోపల రక్తం వస్తున్నా బయటికి దారి లేక నిలిచిపోతూ ఉండవచ్చు. కన్నెపొర పూర్తిగా మూసుకుని ఉండటం, యోనిలో అడ్డుగోడ ఉండటం దీనికి కారణాలు. ఇవి వేరే స్థితులు, చాలామటుకు ఆపరేషన్‌తో సరి అవుతాయి. ఇక్కడ మాత్రం 15 దాకా కూడా ఆగకూడదు. 12 ఏళ్ల పిల్లయినా వెంటనే తీసుకెళ్లండి. వాము నీళ్లు తాగించి పడుకోబెట్టేస్తే, ఆగిపోయిన రక్తం ఫెలోపియన్ నాళాలను దెబ్బతీస్తుంది.

ఇక రెండో అభ్యంతరం. "పెళ్లికాని పిల్లను గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు?" మీ అపార్ట్‌మెంట్ ఎదురుగా ఉన్న క్లినిక్‌లో తెలిసినవాళ్లు కూర్చుని ఉంటారన్న భయం నిజమైనదే. దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ భయానికి మందు వెళ్లకపోవడం కాదు, ఇంకో చోటికి వెళ్లడం. 2023 నుంచి హూడికి మెట్రో ఉంది. పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే కె.ఆర్. మార్కెట్ స్టేషన్ దగ్గరే వాణీ విలాస్ ప్రభుత్వాసుపత్రి. అక్కడ మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు. డబ్బున్నవాళ్లకు ప్రైవేటు ఆసుపత్రులు నగరమంతా ఉన్నాయి. దూరం వెళ్లడం తప్పు కాదు, ఆగిపోవడమే తప్పు.

2. మొదటి స్కాన్ దగ్గరే గట్టిగా అడగండి

డాక్టరు మొదట రాసేది అల్ట్రాసౌండ్ స్కాన్. పెళ్లికాని పిల్లకు దాన్ని పొట్ట మీద నుంచే చేస్తారు. నీళ్లు బాగా తాగించి, మూత్రాశయం నిండాక చేస్తారు. లోపలి పరీక్ష అవసరం లేదు. డాక్టరు పైనుంచి చూడాల్సి వస్తే అమ్మాయిని అడిగి, పక్కన ఆడమనిషి ఉండగా చూడాలి. వద్దంటే వద్దనే అర్థం. ఇది ఇంట్లోనే అమ్మాయికి చెప్పి తీసుకెళ్లండి. సగం భయం అక్కడే పోతుంది.

స్కాన్ రాసిచ్చేటప్పుడే డాక్టరును మూడూ చూడమని అడగండి: గర్భసంచి, అండాశయాలు, రెండు కిడ్నీలు. కిడ్నీలు ఎందుకంటారా? ఎం.ఆర్.కె.హెచ్. ఉన్నవాళ్లలో కొందరికి ఒక కిడ్నీ లేకపోవడమో, ఉండాల్సిన చోట ఉండకపోవడమో జరుగుతుంది. ఇంకొందరికి వెన్నెముకలో వంపు, చెవుడు కూడా ఉంటాయి. ఒకే కిడ్నీ ఉందని ముందే తెలిస్తే బీపీ ఏటా చూసుకోవచ్చు, ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగే అలవాటు మానుకోవచ్చు.

అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. స్కాన్ రిపోర్టులో "గర్భసంచి చిన్నగా ఉంది" అని వస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఉంది కదా, చిన్నదే కదా, మాత్రలు వాడితే పెరుగుతుంది అనుకుంటారు. నెలసరి రావడానికంటూ హార్మోన్ మాత్రలు మొదలవుతాయి. ఒక కోర్సు, రెండో కోర్సు, డాక్టరు మార్పు, మళ్లీ అవే మాత్రలు. ఇలా ఏడాది గడిచిపోతుంది. మొగ్గలా ఆగిపోయిన కణజాలం స్కాన్‌లో చిన్న గర్భసంచిలా కనిపించవచ్చు. అది మాత్రలకు పెరగదు. కాబట్టి మాత్రలకు రక్తం రాకపోతే అదే మందును పొడిగించమనకండి, ఎం.ఆర్.ఐ. చేయించమని అడగండి. అందులో స్పష్టంగా తెలుస్తుంది.

రక్తపరీక్షలు కూడా కావాలి. ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్ బాగా ఎక్కువగా ఉంటే సమస్య అండాశయాలది, టర్నర్ సిండ్రోమ్ లాంటివి ఆ కోవలోకి వస్తాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాలు కూడా నెలసరిని ఆపుతాయి. మన దేశంలో గర్భసంచికి పట్టే క్షయను కూడా మర్చిపోకూడదు. క్రోమోజోముల పరీక్ష తప్పకుండా చేయించాలి. ఎం.ఆర్.కె.హెచ్. ఉన్న అమ్మాయిల క్రోమోజోములు మామూలు ఆడవాళ్లవే. బయటికి అచ్చం ఇలాగే కనిపించే ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీలో క్రోమోజోములు ఎక్స్.వై. ఉంటాయి, లోపల వృషణాలు ఉంటాయి, దాని వైద్యం వేరు. ఈ రెండింటినీ కలిపేస్తే మొత్తం దారే తప్పుతుంది.

3. ఆ మాట మొదట అమ్మాయికే చెప్పండి

రిపోర్టు వచ్చింది. డాక్టరు "పాపను కాసేపు బయట కూర్చోమనండి" అన్నారు. పావుగంట తర్వాత మీరు ఎర్రబడిన కళ్లతో బయటికొచ్చి, "ఏం లేదమ్మా, చిన్న హార్మోన్ తేడా" అన్నారు. ఆ అమ్మాయి నమ్మిందనుకుంటున్నారా? పదో తరగతి చదివే పిల్ల. రిపోర్టు పీడీఎఫ్ మీ ఫోన్లోనే ఉంది. ఆ రాత్రే ఆ నాలుగు అక్షరాలు కొట్టి వెతుకుతుంది. మీరు చెప్పాల్సిన మాట, చెప్పడం చేతకానివాళ్ల దగ్గర, ఒంటరిగా చదువుకుంటుంది.

"చిన్నపిల్ల, తట్టుకోలేదు" అని మీరనవచ్చు. తట్టుకోవడం కష్టమే, అందులో సందేహం లేదు. కానీ దాచడం వల్ల ఆ కష్టం తప్పదు, వాయిదా పడుతుంది, దాని మీద ఇంకొకటి చేరుతుంది. అమ్మ కూడా నోరు విప్పి చెప్పలేనంత సిగ్గుపడాల్సిన విషయం నా ఒంట్లో ఉందని పిల్ల అనుకుంటుంది. గర్భసంచి లేదన్న బాధకంటే ఆ సిగ్గు ఎక్కువ కాలం పీడిస్తుంది.

ఎలా చెప్పాలి? ఉన్నవి ముందు చెప్పండి, లేనిది తర్వాత. "నీకు అండాశయాలున్నాయి, హార్మోన్లు బాగా పనిచేస్తున్నాయి, నువ్వు అందరిలాంటి ఆడపిల్లవే. గర్భసంచి మాత్రం పుట్టుకతోనే తయారవలేదు. అందుకే నెలసరి రాదు. నువ్వు కడుపు మోయలేవు, కానీ తల్లివి కావడానికి వేరే దారులున్నాయి. అవి నువ్వు పెద్దయ్యాక, నీకు కావాలనిపిస్తే చూద్దాం." ఇంతే. ఒకే పూట అన్నీ చెప్పనక్కర్లేదు. ఆమె అడిగేవరకు పెళ్లి ఊసెత్తకండి.

ఇంకొక మాట, ఇది అమ్మకు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశాననో, ఫలానా మందు వేసుకున్నాననో లోపల కుమిలిపోతుంటారు. గర్భసంచిగా మారాల్సిన నాళాలు గర్భం మొదటి మూడు నెలల్లోనే రూపుదిద్దుకుంటాయి. అవి ఎందుకు ఆగిపోతాయో చాలామంది విషయంలో కారణం దొరకదు. గ్రహణానికి దీనికి ఏ సంబంధమూ లేదు. మీ తప్పు లేదని మీరు నమ్మితేనే, తన తప్పు లేదని ఆమె నమ్ముతుంది.

తర్వాత ఎవరికి చెప్పాలో ఆమెనే అడగండి. నాన్నకు ఎవరు చెప్పాలి, నాయనమ్మకు చెప్పాలా వద్దా, తమ్ముడికి అసలు అవసరమా? ఓణీల ఫంక్షన్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. చుట్టాల నోరు మూయించడానికి "పిల్ల పెద్దమనిషి అయింది" అని అబద్ధపు ఫంక్షన్ చేసే ఆలోచన వస్తుంది. దయచేసి చేయకండి. ఆ అబద్ధం మీకు ఒక్కరోజుది. ఆమె మాత్రం ఆ తర్వాత ప్రతి నెలా, ప్రతి పండక్కీ, ప్రతి గుడి ప్రయాణానికీ దాన్ని నిలబెట్టుకుంటూ రావాలి. ఓణీ కట్టుకోవాలని ఆమెకు సరదాగా ఉంటే పుట్టినరోజున కట్టించండి.

మీ ఇద్దరికీ మాట్లాడటం కుదరకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి-మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు. పేరు చెప్పుకోలేని బాధ చెప్పుకోవడానికి అదొక చోటు.

4. ఆపరేషన్ తేదీని పెళ్లి తేదీకి ముడిపెట్టకండి

ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకుందాం. యోనిమార్గం పొట్టిగా ఉండటం వల్ల ఆరోగ్యానికి ఏ ముప్పూ లేదు. దాన్ని పొడిగించుకోవడం దాంపత్య జీవితం కోసం, అది కావాలనుకున్నవాళ్ల కోసం. అంటే ఇందులో అత్యవసరం ఏదీ లేదు. 16 ఏళ్లకు చేయించుకున్నా, 26కి చేయించుకున్నా, అసలు చేయించుకోకపోయినా ప్రాణానికి ఏమీ కాదు. మరి ఎందుకింత తొందర?

తల్లిదండ్రుల వాదన ఇలా ఉంటుంది. "ఎవరికీ తెలియకముందే సరిచేయించేస్తే మచ్చ ఉండదు, పిల్ల కూడా మర్చిపోతుంది." ఈ వాదనలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, ఆపరేషన్‌తో పని అయిపోదు. 1938లో ఆర్చిబాల్డ్ మెకిండో అనే సర్జన్ తొడ చర్మంతో యోనిమార్గం కట్టే పద్ధతిని వివరించినప్పటి నుంచి ఎన్నో రకాల శస్త్రచికిత్సలు వచ్చాయి. వాటిలో చాలామటుకు చేయించుకున్నాక కూడా డైలేటర్ అనే నున్నటి గొట్టాన్ని నెలల తరబడి వాడుతూ ఉండాలి. వాడకపోతే కుట్టిన చెవికి కమ్మ పెట్టనట్టే, ఆ దారి ముడుచుకుపోతుంది. తనకు ఇష్టం లేకుండా, అర్థం కాకుండా ఆపరేషన్ చేయించుకున్న 16 ఏళ్ల పిల్ల డైలేటర్ వాడుతుందా? వాడకపోతే మళ్లీ ఆపరేషన్, అది మొదటిదానికంటే కష్టం. రెండో పొరపాటు, పిల్ల మర్చిపోతుందనుకోవడం. కత్తి పడిన ఒంటిని ఎవరూ మర్చిపోరు.

ఆపరేషన్ లేకుండా దారి ఉందా? ఉంది. అదే 1938లో రాబర్ట్ ఫ్రాంక్ అనే అమెరికన్ డాక్టరు, డైలేటర్లతోనే మెల్లమెల్లగా యోనిమార్గాన్ని పొడిగించవచ్చని చూపించాడు. రోజూ పది నుంచి ముప్పై నిమిషాలు, చిన్న సైజుతో మొదలుపెట్టి కొన్ని నెలల్లో పెద్ద సైజుకు వెళ్తారు. అమెరికాలోని స్త్రీవైద్య నిపుణుల సంస్థ ఏకాగ్ 2018లో ఇచ్చిన సలహాపత్రం ఈ పద్ధతినే మొదట ప్రయత్నించమంటుంది. సరిగ్గా నేర్పించి, తోడుగా ఉంటే 90 నుంచి 96 శాతం మందికి ఫలితం వస్తుందని చెబుతుంది. నూటికి తొంభై మందికి కత్తి లేకుండా కుదిరే పనికి కత్తినే ముందు పట్టుకోవడం ఎందుకు?

"పెళ్లికాని పిల్లకు అలాంటివి చేతికివ్వడమేంటి?" ఈ ప్రశ్న చాలామంది తల్లులు పైకి అనరు, లోపల అనుకుంటారు. ఇవ్వమని నేనూ అనడం లేదు. నేను చెప్పేది వేరే. ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించేది అమ్మాయి. సాధారణంగా 17, 18 దాటాక, తానే సిద్ధమని చెప్పాక మొదలుపెడతారు. అప్పటిదాకా మీరు చేయాల్సిందల్లా ఇలాంటి పద్ధతి ఉందని ఆమెకు తెలిసేలా చూడటం. మొదలుపెట్టాక మాత్రం ఆమెకు గడియ పెట్టుకునే గది కావాలి. రెండు గదుల ఇంట్లో నాయనమ్మతో, తమ్ముడితో కలిసి పడుకునే పిల్లకు రోజూ అరగంట ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? చాలామంది మధ్యలో ఆపేసేది నొప్పి వల్ల కాదు, ఎవరో తలుపు తడతారన్న భయం వల్ల. ఆ అరగంట ఎవరూ ఆ గది వైపు వెళ్లకుండా చూసుకోవడమే తల్లి చేయగల పెద్ద సాయం. హాస్టల్లో ఉంటే సెలవుల దాకా ఆగినా నష్టం లేదు.

"పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే మాట ఇంకా ప్రమాదం. కొందరికి దాంపత్యంలోనే క్రమంగా మార్గం పొడవు పెరగడం నిజమే, అయితే అది విషయం తెలిసిన, ఓపికున్న భర్త దగ్గర. ఏమీ చెప్పకుండా పెళ్లి చేసి పంపితే మొదటి రాత్రే బలవంతం, గాయం, రక్తస్రావం జరగవచ్చు, మూత్రనాళం దెబ్బతినవచ్చు. దీన్ని సర్దుకుపోవడం అనకూడదు.

మరి ఆపరేషన్ ఎవరికీ వద్దా? అలా అనడం లేదు. డైలేటర్‌తో ఫలితం రానివాళ్లున్నారు, అన్నీ తెలుసుకుని ఆపరేషనే కోరుకునేవాళ్లున్నారు. కడుపులో పనిచేసే చిన్న గర్భసంచి మొగ్గ మిగిలి నెలనెలా నొప్పి పెడితే దాన్ని తీయాలి. అలాంటప్పుడు ఈ ఆపరేషన్లు తరచుగా చేసే చోటికే వెళ్లండి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, తర్వాత డైలేటర్ వాడటం ఎవరు నేర్పిస్తారు అని అడగండి. జవాబు తడబడితే ఇంకొకరిని చూడండి.

5. చిన్నచిన్న ప్రశ్నలకు జవాబులు ముందే తయారుచేసుకోండి

ఇది అమ్మాయికి. రోజువారీ చికాకులు పెద్ద విషయాలకంటే ఎక్కువ అలసట తెస్తాయి. క్లాసులో ఎవరో "ప్యాడ్ ఉందా?" అని అడుగుతారు. ఒక ప్యాకెట్ బ్యాగులో పెట్టుకోండి, ఇచ్చేయండి, వివరణ అక్కర్లేదు. వ్రతం రోజున పిన్ని "ఈ రోజు నువ్వు రావచ్చా?" అంటుంది. "వస్తాను" అనండి చాలు.

ఆసుపత్రిలో మాత్రం దాటేయకండి. జ్వరానికి వెళ్లినా, ఎక్స్‌రేకి వెళ్లినా ఫారంలో చివరి నెలసరి తేదీ అడుగుతారు. చాలామంది ఏదో ఒక తేదీ రాసేస్తారు. అది చూసి డాక్టరు తప్పుదారి పట్టవచ్చు. "నాకు పుట్టుకతో గర్భసంచి లేదు, ఎం.ఆర్.కె.హెచ్." అని ఒక్క వాక్యం అద్దం ముందు పదిసార్లు అనుకోండి. డాక్టరుకు చెప్పడం వేరు, ఊరికి చెప్పడం వేరు. డాక్టరుకు మీ ఆరోగ్యం కోసం చెబుతున్నారు. ఊరికి చెప్పాల్సిన బాకీ మీకు లేదు.

6. పెళ్లి మాట వస్తే తాంబూలాలకు ముందే చెప్పండి

పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ముందు ఆమె ఇష్టం. చేసుకోవాలనుకుంటే, చెప్పి చేసుకోవడం ఒక్కటే క్షేమమైన దారి. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని తేలితే, అది తెలిసిన ఏడాదిలోపు పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లవచ్చు. దాచి చేసిన పెళ్లి ఆ అమ్మాయిని జీవితాంతం భయంలో ఉంచుతుంది.

"చెబితే ఎవరు చేసుకుంటారు?" అని మీ గుండె బరువెక్కుతుంది. వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు, నిజమే. కానీ వాళ్లు పెళ్లికి ముందు తగ్గితే ఒక సంబంధం పోతుంది. పెళ్లి తర్వాత తగ్గితే మీ అమ్మాయి బతుకు కోర్టు మెట్లెక్కుతుంది. మ్యాట్రిమొనీ ప్రొఫైల్లో రాయక్కర్లేదు, మధ్యవర్తికి చెప్పక్కర్లేదు, పెళ్లిచూపుల హాల్లో అందరి ముందూ చెప్పక్కర్లేదు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డాక, తాంబూలాలు పుచ్చుకోకముందు, అబ్బాయికి విడిగా, వీలైతే అమ్మాయే స్వయంగా చెప్పాలి. తర్వాత అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అడగాల్సినవి అడగనివ్వండి. బాగా ఆలోచించుకోవడానికి గడువివ్వండి. ఇంట్లో పిల్లలు లేని మేనమామో, దత్తత తీసుకున్న బాబాయో ఉన్న కుటుంబాలు ఈ మాటను మీరనుకున్నదానికంటే తేలిగ్గా అర్థం చేసుకుంటాయి.

7. పిల్లల సంగతి, కాగితాల సంగతి

అండాశయాలు పనిచేస్తున్న స్త్రీ తన అండంతోనే సరొగసీ ద్వారా బిడ్డను పొందవచ్చు. తల్లికి ఉన్నది కూతురికీ వస్తుందేమోనన్న భయం సహజం. ఇలా సరొగసీ ద్వారా పుట్టిన పిల్లల వివరాలు సేకరించి 1997లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, ఆడపిల్లల్లో ఎవరికీ ఈ లోపం కనిపించలేదు.

2021 సరొగసీ నియంత్రణ చట్టం కింద డబ్బుకు గర్భం అద్దెకివ్వడం నిషేధం. వైద్య ఖర్చులు, బీమా తప్ప ఏమీ ఇవ్వకూడదు. గర్భం మోసే స్త్రీ 25 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, ఆమెకు సొంత బిడ్డ ఉండాలి. భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్ల మధ్య వయసుండాలి. పెళ్లికాని స్త్రీకి ఈ చట్టం దారి ఇవ్వలేదు. అది అన్యాయమని నా అభిప్రాయం. నియమాల్లో గర్భసంచి లేకపోవడాన్ని సరొగసీకి అర్హమైన కారణంగా స్పష్టంగా రాశారు, కాబట్టి మీ కారణాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. 2023 మార్చిలో దంపతులిద్దరి అండం, వీర్యం తప్పనిసరి అని నియమం మార్చినప్పుడు, ఎం.ఆర్.కె.హెచ్. ఉండి, చాలామందికి భిన్నంగా సొంత అండాలు కూడా లేని ఒక మహిళ సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం ఆ అక్టోబరులో ఆమె విషయంలో ఆ నియమాన్ని ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రమే నియమాన్ని సడలించి, జిల్లా వైద్య మండలి ధ్రువీకరిస్తే దాత అండమో వీర్యమో వాడుకోవచ్చంది. పేరు బయటపెట్టకుండా పోరాడిన ఆ ఒక్క మహిళ వల్ల ఎందరికో దారి తెరుచుకుంది.

గర్భసంచి మార్పిడి గురించి కూడా వార్తల్లో చదివి ఉంటారు. 2014లో స్వీడన్‌లో మార్పిడి చేసిన గర్భసంచి నుంచి మొదటి బిడ్డ పుట్టింది, ఆ తల్లికి ఎం.ఆర్.కె.హెచ్. ఉంది. మన దేశంలో మొదటి మార్పిడి 2017 మేలో పుణెలోని గెలాక్సీ కేర్ ఆసుపత్రిలో జరిగింది. అక్కడే 2018 అక్టోబరులో అలాంటి గర్భసంచిలో పెరిగిన బిడ్డ పుట్టింది. పెద్ద ఆపరేషన్, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, బిడ్డ పుట్టాక ఆ గర్భసంచిని మళ్లీ తీసేయడం, ఇవన్నీ ఉంటాయి. సాధ్యమని తెలుసుకోండి, దాని మీద ఆశలన్నీ పెట్టుకోకండి. దత్తత కావాలంటే కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారానే వెళ్లండి. వరసలో నిలబడే కాలం ఎక్కువ కాబట్టి, దంపతులైతే పెళ్లయి రెండేళ్లు నిండగానే పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇవన్నీ పదేళ్ల తర్వాతి సంగతులు. ఈ రోజు చేయాల్సిన పని వేరే ఉంది. 16 ఏళ్లకు తీసిన ఎం.ఆర్.ఐ. రిపోర్టు, క్రోమోజోముల పరీక్ష, కిడ్నీ స్కాన్, డాక్టరు రాసిచ్చిన సారాంశం, అన్నిటినీ ఒక ఫైల్లో పెట్టండి. స్కాన్ చేసి ఆమె ఈమెయిల్‌లోనే భద్రపరచండి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో కాదు. రేపు జిల్లా వైద్య మండలి ముందు కూర్చున్నప్పుడు అడిగేది ఈ కాగితాలే. ఆమెకు 18 నిండగానే ఫైలు ఆమె చేతికివ్వండి, అక్కడి నుంచి డాక్టరుతో మాట్లాడేది ఆమే.